దీపం కిటికీలోనా, బల్ల మీదా?

హనుక్కా పండుగ ఎనిమిది రాత్రులూ యూదు కుటుంబాలు దీపాలు వెలిగిస్తాయి. వీధిలో పోయేవాళ్లకు కనిపించేలా గుమ్మం దగ్గరో కిటికీలోనో పెట్టడం ఆచారం. ప్రమాద కాలంలో మాత్రం ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటే చాలని తాల్ముద్ వెసులుబాటు ఇచ్చింది. దాదాపు 1500 ఏళ్ల నాటి ఆ వెసులుబాటు ఇవాళ అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లోని యూదు ఇళ్లలో మళ్లీ చర్చకొస్తోంది.

కారణాలు కళ్ల ముందున్నాయి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ప్రార్థనకు వచ్చిన 11 మందిని ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. 2025 అక్టోబర్ 2న, యూదులకు అతి పవిత్రమైన యోమ్ కిప్పుర్ రోజున, మాంచెస్టర్‌లోని ప్రార్థనా మందిరంపై జరిగిన దాడిలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. డిసెంబర్ 14న సిడ్నీలోని బాండై బీచ్‌లో హనుక్కా వేడుకపై కాల్పుల్లో 15 మంది చనిపోయారు. వారిలో పదేళ్ల పాప ఉంది.

ఈ భయం భారమంతా చివరికి ఇంటి మీదే పడుతుంది. పిల్లాడు తలమీద కిప్పా పెట్టుకుని బస్సెక్కాలా, దానిపై క్యాప్ పెట్టుకోవాలా? గుమ్మానికి బిగించే మెజూజాను తీసి లోపల పెట్టాలా? బడి గేటు దగ్గర కాపలా మనిషిని చూస్తూ పెరిగే పిల్లలకు అదే మామూలు లోకం అయిపోతుంది.

ఫిలిప్ రాత్ 2004లో రాసిన 'ది ప్లాట్ ఎగైనెస్ట్ అమెరికా' నవల ఈ స్థితినే ఊహించింది. 1940 ఎన్నికల్లో లిండ్‌బర్గ్ గెలిచి అధ్యక్షుడవుతాడు. న్యూవార్క్‌లోని ఒక యూదు కుటుంబంలో పెద్దకొడుకును ప్రభుత్వ పథకం కింద కెంటకీలోని పొలానికి పంపుతారు. అతడు తిరిగొచ్చాక సొంత ఇంటివాళ్లనే చిన్నచూపు చూస్తాడు. ఉండిపోదామని తండ్రి, కెనడా వెళ్లిపోదామని తల్లి. తుపాకులు పేలకముందే ఆ ఇల్లు చీలిపోతుంది. మనం 'భవిష్యత్తు' అని భయపడేది ఇలా వంటింటి వాదనల్లోనే మొదలవుతుంది.

పేరు చెప్పేముందు ఒక్క క్షణం ఆగడం, పిల్లలకు జాగ్రత్తలు నూరిపోయడం మనకు కొత్త కాదు. అయినా కులమూ యూదు ద్వేషమూ ఒకేలా పనిచేయవు. కులం మనిషిని అడుగున పెడుతుంది. యూదు ద్వేషం మాత్రం ఆ మనిషిని లోకాన్ని తెరవెనుక నడిపే పెత్తందారుగా ఊహించుకుంటుంది. అందుకే అది పెత్తనంపై తిరుగుబాటులా వేషం వేయగలదు. అణచివేతకు వ్యతిరేకంగా పోరాడేవాళ్లు కూడా దాన్ని గుర్తించకుండా దాటిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. పిట్స్‌బర్గ్ హంతకుడి కోపం శరణార్థులకు సాయం చేసే యూదు సంస్థపైన. వలస వచ్చినవాళ్లపై ద్వేషం, యూదులపై ద్వేషం అతని తలలో ఒకటే.

అమెరికాలోని యాంటీ డిఫమేషన్ లీగ్ 2024లో 9,354 ఘటనలు నమోదు చేసింది. ఇజ్రాయెల్‌పై నిరసనల్లో కొన్నింటిని కూడా ఈ లెక్కలో కలిపారన్న విమర్శ ఉంది. ఆ విమర్శను పట్టించుకోవాలి. గాజాలో పదుల వేల మందిని చంపిన ప్రభుత్వాన్ని నిలదీయడం యూదు ద్వేషం కాదు. ఆ ముద్ర వేసి విద్యార్థుల నోరు మూయించడం అన్యాయం. అలాగే, ఆ ప్రభుత్వం చేసిన పనికి సిడ్నీలోని పదేళ్ల పాప జవాబుదారీ కాదు. ఈ రెండు మాటలకూ ఆధారం ఒకే సూత్రం: పుట్టుకను బట్టి ఎవరికీ నేరం అంటగట్టకూడదు. బాండైలో ప్రాణాలకు తెగించి ఒక ముష్కరుడి చేతిలోంచి తుపాకి లాక్కున్నది సిరియా నుంచి వలస వచ్చిన ముస్లిం. ఆయనకు ఈ సూత్రాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చి యూదు ఆచారాలు పాటిస్తున్నవాళ్లు. 'యూదులు' అన్న మాట మనకు మరీ దూరపుదేమీ కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తిట్టాల్సి వచ్చినప్పుడు మన పోస్టుల్లో, సభల్లో 'ఇజ్రాయెల్ ప్రభుత్వం' అనే అందాం. 'యూదులు' అని రాస్తే ఆ మాట చేబ్రోలు దాకా వచ్చి తగులుతుంది.