చేసినవాళ్ల పేరు ఎక్కడ?



పూల్ ఆట మనలో చాలామంది ఫోన్లోనే ఆడి ఉంటాం. బంతుల్ని కొట్టే ఆ కర్రను క్యూ అంటారు. సుమారు 58 అంగుళాల పొడవు, కొన దగ్గర 13 మిల్లీమీటర్ల మందం. చూస్తే మామూలు కర్రే. కానీ మంచి పనివాడు చేసిన క్యూను అమెరికాలో వేల డాలర్లు పెట్టి కొంటారు.

జార్జ్ బలబుష్కా 1912లో రష్యాలో పుట్టాడు, 1924లో అమెరికాకు వలస వచ్చాడు. వడ్రంగి పని చేశాడు, పిల్లల చెక్క బొమ్మలు చేశాడు. 1959లో క్యూలు చేయడం మొదలుపెట్టాడు, మొదటివి స్నేహితులకు బహుమతిగా ఇచ్చాడు. అన్నీ తనే చేయాలని కూర్చోలేదు. వేరేవాళ్లు అతికి పెట్టిన కర్రలు కొని, తన పనితనంతో పూర్తి చేసేవాడు. 1975లో చనిపోయాడు. ఇప్పటికీ ఆ క్యూను 'బలబుష్కా' అనే పిలుస్తారు. వస్తువుకు చేసినవాడి పేరే నిలిచింది.

ఈ పనిలో అసలు పెట్టుబడి ఓపిక. మేపుల్ కర్రను లేత్ మీద ఒకేసారి సన్నగా చెక్కరు. కొంచెం తీసి వారాలు, నెలలు పక్కన పెడతారు. వంగేది ఆలోపే వంగిపోతుంది. నిలిచినదాన్నే మళ్లీ చెక్కుతారు.

ఈ ఓపిక మనకు కొత్తా? బాణం కర్రను నిప్పు సెగకు కాచి, ఒక కన్ను మూసి వంకర చూసే తాతలు మన గూడేల్లో లేరా? ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. కానీ ఆ బొమ్మ కొన్నవాళ్లలో ఎంతమందికి అది పోసిన ఓజా కళాకారుడి పేరు తెలుసు?

"అయితే చదువు మానేసి కర్రలు చెక్కమంటారా?" అని అడుగుతారు. కాదు. రిజర్వేషన్ ఉద్యోగం మన హక్కు, పరీక్షలు రాయాల్సిందే. కానీ డిగ్రీ, బీఈడీ అయ్యాక నోటిఫికేషన్ కోసం చూస్తూనే వయసు అయిపోతున్నవాళ్లు మనలో ఎంతమంది? "చదువుకున్నోడికి ఉలి ఎందుకురా" అనే మాట బయటివాళ్లది కాదు, మన ఇళ్లలోదే. నిజానికి ఉలి పట్టినోడికే చదువు ఎక్కువ అవసరం. ధర తనే చెప్పగలడు, కొనేవాడితో నేరుగా మాట్లాడగలడు. దళారీకి అక్కడ పని ఉండదు.

ఇది తేలికని మేము చెప్పడం లేదు. లేత్ కావాలి, ఆరిన కలప కావాలి, ఏళ్లు పడుతుంది. పక్కనే అడవి ఉంది కదా అని టేకు నరకలేం. అయితే 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగానే లెక్కించింది. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

అందుకే మా డిమాండ్ ఇది. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు లాంటి ప్రతి ఐటీడీఏలో చెక్క లేత్‌తో ఒక వర్క్‌షాప్ పెట్టాలి. నేర్చుకునేవాళ్లకు స్టైఫండ్ ఇవ్వాలి. మన పెద్ద పనివాళ్లను జీతమిచ్చి గురువులుగా పెట్టుకోవాలి. తయారైన ప్రతి వస్తువు మీద చేసినవాళ్ల పేరు, ఊరు ఉండాలి.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు అలాంటి చేయి ఎవరిదో కనుక్కోండి. పక్కన కూర్చుని పని చూడండి. ఆ చేయి ఆగిపోతే మళ్లీ నేర్పేవాళ్లు ఉండరు.

జై ఆదివాసీ.