ఎక్కువ వాట్లుంటే ఎక్కువ బలమా?

ఇంటికి వాక్యూమ్ క్లీనర్ కొనడానికి వెళ్ళిన పెద్దవాళ్ళు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని వాట్లు?" అని. 1200 వాట్ల యంత్రం పక్కన 2000 వాట్ల యంత్రం కనిపిస్తే రెండోదే బలమైనదని అనుకుంటారు. తయారుచేసేవారు కూడా ఆ అంకెనే పెట్టె మీద దూరానికి కనబడేంత పెద్దగా అచ్చు వేస్తారు. మీరు బడిలో పీడనం గురించి, సామర్థ్యం గురించి చదువుకున్నారు కదా! ఆ పాఠాలు ఇక్కడ అక్కరకొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాట్లు చూసి వాక్యూమ్ క్లీనర్ కొనడమంటే, ఎంత గడ్డి తింటుందో చూసి గేదెను కొనడమే. ఎంత మేస్తుందని కాదు, ఎన్ని పాలిస్తుందని కదా అడగాలి! పెట్టె మీద ఉన్న వాట్లు యంత్రం మేసే కరెంటును చెబుతాయి. అది ఎంత దుమ్ము తీస్తుందో చెప్పవు.

అసలు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. వాక్యూమ్ అంటే శూన్యం. కాని ఇందులో శూన్యమేమీ ఏర్పడదు. మోటారు ఒక పంకాను అతివేగంగా తిప్పుతుంది. ఆ పంకా లోపలి గాలిని వెనకనుంచి బయటికి నెట్టేస్తుంది. దాంతో లోపల పీడనం తగ్గుతుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు 1,01,000 పాస్కల్‌లు. ఇంట్లో వాడే యంత్రం లోపలి పీడనాన్ని ఇంచుమించు 20,000 పాస్కల్‌ల మేరకు తగ్గించగలదు, అంటే అయిదో వంతు. ఆ తేడా వల్ల బయటి గాలి గొట్టంలోకి దూసుకుపోతుంది, పోతూ పోతూ దుమ్మును వెంటబెట్టుకుపోతుంది. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగేటప్పుడు జరిగేదీ ఇదే. నీళ్ళను పైకి నెట్టేది బయటి గాలి.

ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి, పీడనంలో తేడా ఎంత? రెండు, సెకనుకు ఎంత గాలి లోపలికి పోతోంది? గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యి గట్టిగా అతుక్కుంటుంది. పీడనంలో తేడా అప్పుడే అన్నిటికంటే ఎక్కువ. కాని గాలి కదలదు, కాబట్టి దుమ్మూ కదలదు. గొట్టం పూర్తిగా ఊడదీస్తే గాలి ధారాళంగా పోతుంది గాని, పీడనంలో తేడా దాదాపు ఉండదు. కార్పెట్ పోగుల మధ్య ఇరుక్కున్న ఇసుక రేణువును లాగాలంటే రెండూ కలిసి ఉండాలి.

ఆ రెంటినీ గుణిస్తే గాలికి అందిన సామర్థ్యం వస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. సెకనుకు 30 లీటర్ల గాలి, అంటే 0.03 ఘనపు మీటర్లు, 10,000 పాస్కల్‌ల తేడాతో పోతోందనుకోండి. 0.03ను 10,000తో గుణిస్తే 300 వాట్లు. వీటిని ఎయిర్ వాట్లు అంటారు. ఆ యంత్రం 1400 వాట్ల కరెంటు తీసుకుంటున్నదైతే, అందులో సుమారు 21 శాతం మాత్రమే మనకు పనికొచ్చింది. మిగతాదంతా మోటారు వేడిలోను, సుడులు తిరిగే గాలిలోను, గొట్టం గోడల రాపిడిలోను ఖర్చయిపోయింది. దక్షత తక్కువైన 2000 వాట్ల యంత్రం కంటే, చక్కగా రూపొందించిన 900 వాట్ల యంత్రమే నేలను బాగా శుభ్రం చేయవచ్చు.

"ఇది కాగితం మీది లెక్కే కదా?" అని మీరడగవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఏం జరిగిందో చూడండి. 2014 సెప్టెంబరు 1 నుంచి అక్కడ 1600 వాట్లకు మించిన కొత్త వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి తేకూడదని నిబంధన వచ్చింది. 2017 సెప్టెంబరు 1 నుంచి ఆ పరిమితిని 900 వాట్లకు దించారు. అంతేకాదు, దుమ్ము ఇంత శాతమైనా తీయాలి, శబ్దం 80 డెసిబెల్‌లు దాటకూడదు అనే షరతులు కూడా పెట్టారు. తక్కువ వాట్లతో ఇల్లు శుభ్రపడదేమోనని భయపడి, 2014లో బ్రిటన్‌లో కొందరు పెద్ద యంత్రాలను ముందే కొనిపెట్టుకున్నారు. ఇంజనీర్లు మాత్రం పంకా రెక్కలను, గాలి నడిచే దారిని, నేలకు ఆనే తలను మెరుగుపరచి ఆ షరతులకు లోబడే యంత్రాలు తయారుచేశారు.

నేలకు ఆనే తల ఎంత ముఖ్యమో తెలిపే కథ ఇంకా పాతది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణాన్ని శుభ్రం చేసే పనిలో ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. తివాచీలు ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముకు ఊపిరాడేది కాదు. 1907లో ఆయన ఒక చిన్న పంకా మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఒక యంత్రం తయారుచేశాడు. ముందుభాగంలో తిరిగే బ్రష్షు దుమ్మును కదిలిస్తే, పంకా దాన్ని గలేబులోకి పంపేది. 1908లో దానికి పేటెంటు వచ్చింది. అది చిన్న మోటారే. అయినా బ్రష్షు తోడుండటం వల్ల పని జరిగింది.

మరో అపోహ కూడా ఉంది. గొట్టం మూసుకుపోతే మోటారు గొంతు పెంచి కీచుమంటుంది. అది విని "పాపం, ఎంత కష్టపడుతోందో!" అనుకుంటాం. నిజం తలకిందులు. నెట్టడానికి గాలి లేకపోవడంతో పంకా మీద బరువు తగ్గి అది మరింత వేగంగా తిరుగుతోందన్నమాట. అలాంటప్పుడు యంత్రాన్ని వెంటనే ఆపాలి. ఎందుకంటే చాలా యంత్రాల్లో మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే. సంచి నిండినా, వడపోత పూడుకుపోయినా గాలి ఇలాగే తగ్గిపోతుంది. 2000 వాట్ల యంత్రాన్నయినా దులపకుండా వదిలేస్తే దాని బలం దుమ్ములోనే పోతుంది.

వడపోత గురించి ఇంకో మాట. యంత్రంలోకి పోయిన గాలి అంతా తిరిగి గదిలోకే వస్తుంది. మన తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రోమీటర్లు. ఊపిరితిత్తుల లోతుకు చేరే ధూళి 2.5 మైక్రోమీటర్ల కంటే చిన్నది. వడపోత నాసిరకమైతే ఇసుకను పట్టుకుని ఆ సన్నని ధూళిని గదంతా చల్లుతుంది. అప్పుడు బలమైన యంత్రం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. హెపా అనే రకం వడపోత 0.3 మైక్రోమీటర్ల రేణువుల్లో కూడా 99.97 శాతాన్ని ఆపుతుంది. కాని దాని అంచులు సందులేకుండా బిగిసి ఉండాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వాట్ల కంటే ముందు అడగవలసింది దీని గురించే.

ఒకే కంపెనీ, ఒకే నమూనాలో పెద్ద మోటారు పెడితే బలం కొంత పెరగవచ్చు. కాదనను. కాని దానికి వెల కట్టాలి. 2000 వాట్ల యంత్రం అరగంటలో ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర దానికి సుమారు 8.7 ఆంపియర్లు కావాలి. మన ఇళ్ళలోని చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే సరిపోతుంది, అంటే 1380 వాట్లకు. అంతకు మించినదాన్ని 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే తగిలించాలి. ఇక బ్యాటరీతో నడిచే యంత్రాల పెట్టెల మీద వాట్లకు బదులు పాస్కల్‌లు వేస్తున్నారు. మూతి మూసినప్పటి పీడనమే అదైతే, అదీ సగం సమాచారమే.

అసలు మన ఇంటికి ఎలాంటి యంత్రం కావాలి? మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి నాపరాళ్ళు, టైల్సు. వాటి మీద దుమ్ము పైపైనే ఉంటుంది, తడిగుడ్డతో చక్కగా పోతుంది. యంత్రం అవసరం పరుపులు, సోఫాలు, తివాచీలు, కిటికీ దోమతెరలు, పుస్తకాల అలమరాల దగ్గర. వాటికి తగిన బ్రష్షులు, మంచి వడపోత ఉన్న మధ్యరకం యంత్రం చాలు. రోజూ పొడిచీపురుతో ఊడ్చి ఆ దుమ్మంతా పీల్చేది అమ్మో, పనిచేయడానికి వచ్చే ఆమో. కొనే ముందు వాళ్ళు ఎత్తి మోయగలరా, సంచి సులువుగా మార్చగలరా అనేది కూడా చూడాలి.

మీ ఇంట్లో ఈ యంత్రం కొనే మాట వస్తే మీరూ దుకాణానికి వెళ్ళండి. ఒక చెంచా సన్నని ఉప్పు, ఒక చెంచా శనగపిండి పొట్లం కట్టి తీసుకెళ్ళండి. అమ్మేవారి అనుమతితో వాటిని ఒక తివాచీ ముక్క మీద చల్లి, చేత్తో కొద్దిగా రుద్ది, ఏ యంత్రం ఎన్నిసార్లు పోనిస్తే తీస్తుందో లెక్కపెట్టండి. వెనకనుంచి వచ్చే గాలికి టార్చిలైటు పట్టి, అందులో ధూళి మెరుస్తోందేమో చూడండి. ఎయిర్ వాట్లు ఎన్ని అని అడగండి. మీకంటే ముందు వచ్చినవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండకపోవచ్చు. అయినా సంకోచించకండి. పదిమంది అడిగితేనే కదా, ఆ అంకె కూడా పెట్టె మీదికి ఎక్కేది!