ఇరవై షిల్లింగుల వ్యాజ్యం

దావాలో ఓడిపోయి గొప్పవాడైన మనిషి ఎవరైనా వున్నారా అని అడిగితే, నేను మొదట జాన్ హాంప్డెన్ పేరు చెబుతాను.

ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ అనే జిల్లా వుంది. హాంప్డెన్ అక్కడి పెద్ద భూస్వామి. తాతముత్తాతలనాటి మేడ, మాన్యాలు, కౌలుదార్లు, దేనికీ లోటులేని సంసారం. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. తల్లి, తరవాత దేశాన్నేలిన ఆలివర్ క్రాంవెల్‌కు మేనత్త. కొడుక్కి ప్రభువు బిరుదు రావాలని ఆవిడ ముచ్చట. ఆ రోజుల్లో డబ్బు పోస్తే బిరుదులు దొరికేవి కూడాను. కొడుకు మాత్రం ఆ జోలికి పోకుండా, 1621లో సామాన్యుల సభలో సభ్యుడయి కూర్చున్నాడు.

అప్పట్లో రాజులకు ఎప్పుడూ డబ్బు కటకటే. 1626లో మొదటి చార్లెస్ రాజు, సంపన్నులంతా తనకు అప్పు ఇచ్చి తీరాలని హుకుం చేశాడు. హాంప్డెన్ ఇవ్వనన్నాడు, ఖైదుకు వెళ్ళాడు. అతని స్నేహితుడు సర్ జాన్ ఇలియట్, సభలో రాజును ఎదిరించినందుకు లండన్ టవర్ ఖైదులోనే 1632లో చనిపోయాడు. శవాన్నయినా సొంతవూరికి పంపటానికి రాజు ఒప్పుకోలేదు. ఇలియట్ ఖైదులో వున్నంతకాలం అతని పిల్లల చదువు సంధ్యలు కనిపెట్టి చూసినవాడు హాంప్డెన్. కాబట్టి రాజుగారితో పేచీ పెట్టుకుంటే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక అసలు కథ. చార్లెస్ 1629లో పార్లమెంటును రద్దుచేసి, 11 ఏళ్ళపాటు మళ్ళీ పిలవలేదు. పార్లమెంటు లేకపోతే కొత్త పన్నులు లేవు. అందుకని పాతదొకటి వెతికి తీశారు. దాని పేరు ఓడల పన్ను. యుద్ధకాలంలో సముద్రతీరంలోని వూళ్ళు రాజుకు ఓడలు సమకూర్చటం పూర్వాచారం. 1634లో యుద్ధం లేకుండానే ఆ పన్ను వేశారు. మరుసటి ఏడు, సముద్రమంటే ఎలా వుంటుందో చూడని జిల్లాలకు కూడా పాకించారు. బకింగ్‌హామ్‌షైర్ వంతుకు 450 టన్నుల ఓడ ఒకటి, లేదా 4,500 పౌన్లు.

స్టోక్ మాండవిల్ గ్రామంలో హాంప్డెన్ భూమికి పడిన పన్ను ఎంతో తెలుసా? 20 షిల్లింగులు. అంటే ఒక్క పౌను! అంతటి ఆసామికి అదొక లెక్కా? కట్టి పారేస్తే పోయేది. కాని కట్టలేదు.

ఇక్కడే నాకు ఆ మనిషి మీద గౌరవం. పెద్ద మొత్తమైతే, డబ్బు పోతుందని ఏడుస్తున్నాడని లోకం అనేది. అంత చిన్న మొత్తం గనకనే, తగవు డబ్బుది కాదని అందరికీ తెలిసింది. ఏకై వచ్చినది మేకై కూర్చుంటుందని అతనికి తెలుసు. ఇవాళ ఒక పౌనుకు తలవూపితే, రేపు ఎంత అడిగినా కాదనటానికి నోరుండదు.

1637 చివర విచారణ మొదలైంది. దేశానికి ఆపద వుందో లేదో తేల్చవలసింది రాజు ఒక్కడే అని సర్కారు వాదం. ప్రజల సొమ్ము ముట్టాలంటే పార్లమెంటు సమ్మతి వుండాలని హాంప్డెన్ వకీళ్ళ వాదం. 12 మంది జడ్జీలలో 7గురు రాజుపక్షం, 5గురు హాంప్డెన్ పక్షం. 1638లో తీర్పు వచ్చింది, హాంప్డెన్ ఓడిపోయాడు.

ఓడాడు గాని, రాజుగారు అనుకున్నట్టు జరగలేదు. జడ్జీలలోనే 5గురు కాదన్నాక, కట్టేవాళ్ళకూ అనుమానం పుట్టింది. రానురాను పన్ను వసూలే కాకుండా పోయింది. ఆ తీర్పు రాజుకంటె హాంప్డెన్‌కే మేలు చేసిందని రాజపక్షంవాడైన క్లారెండన్ ప్రభువే తన చరిత్రలో రాశాడు. 1641లో పార్లమెంటు ఓడల పన్ను చెల్లదని చట్టం చేసింది.

1642 జనవరి 4న చార్లెస్, హాంప్డెన్‌తో సహా 5గురు సభ్యులను పట్టుకోవటానికి, సాయుధులను వెంటపెట్టుకుని స్వయంగా సభకు వచ్చాడు. వాళ్ళు ముందే తప్పుకున్నారు. ఆనాటినుంచి ఈనాటివరకు ఆ సభ జరుగుతుండగా ఏ రాజూ, ఏ రాణీ అందులో అడుగుపెట్టలేదు.

ఆ ఏడే అంతర్యుద్ధం వచ్చింది. హాంప్డెన్ సొంతంగా ఒక పటాలాన్ని లేవదీశాడు. 1643 జూన్ 18న చాల్‌గ్రోవ్ పోరులో గాయపడి, ఆరు రోజులకు థేమ్ పట్టణంలో కన్నుమూశాడు. తాను పెట్టిన వ్యాజ్యం చివరికి ఎలా తేలిందో చూడలేదు.

అతను బీదల పక్షాన నిలిచిన నాయకుడేమీ కాదు. ఆనాటి పార్లమెంటు ఆస్తిపరుల పార్లమెంటు. అయినా మంచిమాట ఎవరి నోట వచ్చినా, అది ఆ ఇంట్లోనే వుండిపోదు. 1906లో దక్షిణాఫ్రికాలో అన్యాయపు చట్టాన్ని ఎదిరించే రోజుల్లో, గాంధీజీ తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో హాంప్డెన్‌ను ఉదాహరణగా చూపారు. తరవాత ఆయన సహాయనిరాకరణోద్యమంలో, 1921-22లో, మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు కట్టమని నిలబడ్డారు. ఇంగ్లీషు భూస్వామి పలికిన మాటను ఇంగ్లీషు సర్కారుకే అప్పజెప్పారన్నమాట!

ఒక పౌను పెట్టి కొనదగ్గ వస్తువులు లోకంలో చాలా వున్నాయి. ఒక పౌను ఇవ్వనని హాంప్డెన్ సంపాదించినది మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు.