గుండె చప్పుడు ముందుగా ఎవరిది వినాలి?

గుంటూరు, ప్రకాశం చేలలో మిరపకాయలు కోసే యువతి ఆయాసపడితే ఘాటువల్లనో, రక్తహీనతవల్లనో అనుకుంటాము. చిన్ననాటి గొంతునొప్పి, దాని వెనుక వచ్చిన రుమాటిక్ జ్వరం ఆమె మిట్రల్ కవాటాన్ని ఇరుకు చేసి ఉండవచ్చునని తోచదు. ఆ ఇరుకు కవాటం చేసే శబ్దం మంద్రమైనది. రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంటను తేలికగా ఆనిస్తేనే వినబడుతుంది. కిక్కిరిసిన ఓపీలో అంత నిశ్శబ్దం ఎక్కడిది?

1816లో లెనెక్ కాగితం చుట్టి విన్న గుండె సవ్వడిని నేడు ఛాతీకి అంటించుకునే సెన్సర్లు గంటల తరబడి నమోదు చేయగలవు. (మీ చేతి గడియారం నాడిని లెక్కిస్తుంది, కవాటాల శబ్దాన్ని వినదు సుమా.) అయితే కదలికలు, బట్టల రాపిడి ఆ నమోదును చెడగొడతాయి. కనుక ఇవి వ్యాయామప్రియులకంటే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, కదలక పడుకున్న గర్భిణుల పరీక్షకు చేరాలని నా అభిప్రాయం. గర్భంలో రక్తపరిమాణం పెరుగుతుంది. ఇరుకు కవాటం ఆ ఒత్తిడికి తాళలేదు. అనుమానం కలిగినవారికి ఎకో పరీక్ష, రుమాటిక్ జబ్బు తేలినవారికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది అందే ఏర్పాటు లేనిదే సెన్సర్లు పంచి ప్రయోజనం లేదు.

ఈలోగా మీ ఇంటి గర్భిణికి ఆయాసం ఉంటే గుండెను శ్రద్ధగా వినమని డాక్టరును అడగండి. ఫ్యాను ఆపమనడానికి మొహమాటపడకండి.