వేసవి చిట్టికథలు

పిల్లలూ! సెలవులు వచ్చాయి గదా, ఈ నెల ఒక ఆట ఆడదాం. అయిదు వాక్యాల్లో కథ చెప్పాలి!

అంత చిన్నది కథ ఎలా అవుతుందంటారా? 1947 జూలైలో మొదలైన “చందమామ” చాలా ఏళ్ళపాటు ఫోటోలకు వ్యాఖ్యలు రాసే పోటీ నడిపింది. రెండు ఫోటోలు వేసి, రెంటికీ సంబంధం కుదిరేటట్టు కొద్ది మాటల్లో రాయమనేవారు. మిగతాది చదివేవాళ్ళే ఊహించుకునేవారు. కిటుకంతా అక్కడే ఉంది.

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర మంఖాల్ అనే ఊరుంది. ఈ కథ అక్కడిది:

ఒక ముసలమ్మ రోజూ సాయంత్రం ఆరుబయట మంచం వేసుకుని, పైన పోయే విమానాలు లెక్కపెట్టేది. “ఎందుకు నానమ్మా?” అన్నాడు మనుమడు. “ఏదో ఒకదాంట్ల మీ నాయిన వస్తడు బిడ్డా!” అన్నది. మూడో వేసవిలో ఒకనాడు వాకిట్లో ఆటో ఆగి, “అమ్మా!” అని పిలుపు వినిపించింది. “ఉండు బిడ్డా, లెక్క తప్పుతది,” అన్నది ముసలమ్మ, ఆకాశం మీదినుంచి చూపు తిప్పకుండా.

పిలిచిందెవరో నేను చెప్పలేదు. అయినా మీకు తెలిసిపోయింది!

మీరూ రాయండి. ముందు పెద్దదిగా రాసి, ఒక్కొక్క వాక్యమే కొట్టేస్తూ రండి. ఏది తీసేస్తే కథ నిలవదో, దాన్ని మాత్రం ఉంచండి. రాశాక ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. మీరు చెప్పనిది వాళ్ళు చెప్పగలిగితే, మీరు గెలిచినట్టే!