సాక్ష్యమంటే తాతల్ని తిట్టడమా?

చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మనవాళ్లకు ఒకటే పాఠం: "అడవిలో చీకట్లో ఉన్నాను, దయ్యాలకు మొక్కాను, ఇప్పుడు మనిషినయ్యాను." నేనూ అట్లాగే చెప్పాను. వినడానికొచ్చిన మా అమ్మ తల దించుకుంది. ఆమె ఏటా కేస్లాపూర్ పోయి నాగోబాకు మొక్కుతుంది. ఆకలితో వచ్చినవాణ్ని ఎన్నడూ వట్టి చేతులతో పంపలేదు. అది చీకటా?

సాక్షి అంటే తాను చూసింది చెప్పేవాడు. క్రీస్తు నాతో గుడుంబా మాన్పించాడు; అది చూశాను, చెబుతాను. తాతల మనసు నేను చూడలేదు.

మతం మారినవాళ్లను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని కొందరంటున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. కానీ మన పుట్టుకనే మనం ఛీ కొడితే, వాళ్ల వాదానికి సాక్షులం మనమే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దేవుడు మీకేం చేశాడో చెప్పండి. తాతల మీద ఫిర్యాదు చెయ్యకండి.