నల్ల తెర ఇంజనీర్ల సొత్తు కాదు

"బ్లూటూత్ కలపాలంటే బొమ్మ మీద నొక్కాలె, కలవకుంటే మెకానిక్‌ను పిలవాలె. గా నల్ల తెర, కమాండ్లు బీటెక్ చదివినోళ్లకు." కట్టంగూర్ లాంటి ఊళ్ల పేరు చెప్పి ఈ మాట అనేవాళ్లు చాలామంది. దుకాణదారు మీద దయతో అన్నట్టే వినిపిస్తుంది. కానీ ఆ దయ వల్ల మనిషి ప్రతి చిన్న పనికీ ఇంకొకరి దారి చూస్తూ కూర్చుంటున్నాడు. ఈ అభిప్రాయం పూర్తిగా తప్పు.

దీని గురించి ఇప్పుడే మాట్లాడటానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్ల మీదికి ఎక్కదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఉన్న కట్టంగూర్ మండల కేంద్రంలో కిరాణం నడిపేవాళ్లయినా, జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నవాళ్లయినా బాగానే నడిచే కంప్యూటర్‌ను పారేయాల్సిన పని లేదు. విండోస్ బదులు లినక్స్ ఎక్కించుకోవచ్చు, అదీ ఉచితంగా. ఎక్కించాక ముందుగా ఎదురయ్యే చిక్కుల్లో బ్లూటూత్ ఒకటి. సరిగ్గా అక్కడే "ఇది మనతోని కాదు" అనిపించి వాళ్లను వెనక్కి పంపుతున్నారు.

మెడికల్ షాపులో వైర్ లేని బార్‌కోడ్ స్కానర్‌నే తీసుకోండి. రాత్రి దాకా పనిచేసింది. పొద్దుగాల షాపు తెరిచి ట్రిగ్గర్ నొక్కితే బిల్లులో మందు పేరు పడదు. ఎదురుగా గిరాకీ నిలబడి ఉంది. తెర మూలన ఉన్న బ్లూటూత్ బొమ్మ మీద నొక్కితే కాసేపు గిరగిరా తిరిగి, కలవలేదని చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు కలవలేదో చాలా డెస్క్‌టాప్‌లు చెప్పవు. మళ్లీ నొక్కడం, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టడం, చివరికి ఫోన్ చేయడం తప్ప దారి లేదు.

ఇప్పుడు అదే కంప్యూటర్‌లో టెర్మినల్ అనే ఆ నల్ల తెర తెరిచి బ్లూటూత్‌సీటీఎల్ అని కొట్టండి. 'డివైసెస్' అంటే తెలిసిన పరికరాల పేర్లు, పక్కన వాటి అడ్రస్‌లు వస్తాయి. 'ఇన్ఫో' అని కొట్టి స్కానర్ అడ్రస్‌లో మొదటి రెండు అక్షరాలు ఇచ్చి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుకుంటుంది. జవాబు వరుసగా పడుతుంది: పేర్డ్ యెస్, ట్రస్టెడ్ నో, బ్లాక్డ్ నో, కనెక్టెడ్ నో.

ఆ 'ట్రస్టెడ్ నో' దగ్గర ఆగాలి. జత కుదిరింది, తాళంచెవి లాంటి రహస్య సంఖ్య రెండు వైపులా భద్రంగా ఉంది. కానీ ఈ పరికరం తనంతట తాను వస్తే అడగకుండా రానివ్వమని కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. స్కానర్లు, కీబోర్డులు నిద్ర లేవగానే తామే ముందుగా పిలుస్తాయి. అనుమతి ఇచ్చే మనిషి లేకపోతే కంప్యూటర్ తలుపు తీయదు. 'ట్రస్ట్' అని కొట్టి అడ్రస్ ఇస్తే రేపటి నుంచి ఆ బాధ ఉండదు. అదే 'పేర్డ్ నో' అని వస్తే వ్యాధి వేరు, మందు వేరు: 'రిమూవ్'తో పాతది చెరిపేసి, 'స్కాన్ ఆన్' పెట్టి, 'పేర్' చేయాలి. అసలు కంప్యూటర్‌లోని బ్లూటూతే కనిపించకపోతే, బ్లూటూత్‌సీటీఎల్ నుంచి బయటికొచ్చి 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' చూడాలి. సాఫ్ట్ బ్లాక్ అంటే ఒక్క కమాండ్‌తో విప్పొచ్చు, హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ మీది స్విచ్చు వెతుక్కోవాలి. బొమ్మ మీద ఇవన్నీ కలిపి ఒకే వైఫల్యంగా కనిపిస్తాయి.

కమాండ్లు డాస్ కాలం నాటివని ఇంకొందరు తోసిపుచ్చుతారు. బ్లూటూత్‌సీటీఎల్ 2012 చివర వచ్చిన, లినక్స్‌లో బ్లూటూత్ నడిపే సాఫ్ట్‌వేర్ బ్లూజెడ్ 5తో వచ్చింది, ఇవాళ్టికీ బ్లూజెడ్‌తో పాటే నడుస్తోంది. బొమ్మలు చూపే గ్నోమ్ సెట్టింగ్స్ అయినా, బ్లూమ్యాన్ అయినా వెనకాల మాట్లాడేది అదే బ్లూటూత్ సర్వీసుతో. కాబట్టి బొమ్మ కొత్త దారీ కాదు, కమాండ్ పాత దారీ కాదు. రెండూ ఒక్క చోటికే పోతాయి, ఒకటి మాత్రం దారిలో జరిగింది చెబుతుంది.

ఇంగ్లిష్ రానివాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లకు ఒక మాట. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. కానీ కారణం చెప్పని మెనూ తెలుగులో ఉన్నా కారణం చెప్పదు. ఇక్కడ కావలసినవి మహా అయితే ఎనిమిది పదాలు, అవీ ఫోన్లలో రోజూ చూసే పవర్, స్కాన్, కనెక్ట్ లాంటివే. ఇంకో లాభం ఉంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఊళ్లో ఉన్న నాయినకు ఫోన్లో "కుడి పక్కన, పైన, ఆ బొమ్మ కాదు, దాని పక్కది" అని చెప్పడం ఎంత నరకమో అందరికీ తెలుసు. "టీ ఆర్ యూ ఎస్ టీ కొట్టు నాయినా" అంటే అయిపోతుంది. నోటితో చెప్పగలిగింది కాగితం మీద రాసుకోవచ్చు, పక్క దుకాణానికి ఇవ్వొచ్చు.

కమాండ్లలో లోపాలు లేవని అనను. హెచ్‌సీఐటూల్ లాంటి పాత పనిముట్లు పక్కకు పోయినా, వాటినే చూపించే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. కొన్ని ఎర్రర్లు తలా తోకా లేకుండా వస్తాయి. ఏడాదికోసారి ఇయర్‌ఫోన్ కలుపుకునేవాళ్లకు బటన్ చాలు, వాళ్లతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా, బతుకుదెరువు కంప్యూటర్ మీద ఉన్నవాళ్లకు కూడా బటన్ దాటి పోనివ్వద్దని ముందే తేల్చేసేవాళ్లతోనే. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన పిల్లలకు చేతకాదని ఏ పరీక్ష పెట్టి తేల్చారు?

నకిరేకల్‌లోనో నల్లగొండలోనో డీసీఏ, ట్యాలీ నేర్పే సెంటర్ల వాళ్లకు నా మనవి: కోర్సులో ఒక్క వారం టెర్మినల్‌కు ఇవ్వండి, బ్లూటూత్‌తోనే మొదలుపెట్టండి. దుకాణదారులకు ఇంకో మనవి: ఈసారి రిపేరుకు ఎవరొచ్చినా, వాళ్లు కొట్టిన కమాండ్లు కాగితం మీద రాయించుకున్నాకే పైసలివ్వండి.